పెద్దవాళ్లకు పేస్‌మేకర్ వేయించాలా వద్దా: తేల్చుకునే ముందు చూసుకోవాల్సినవి

భీమవరంలో మాది మందుల షాపు. మందులు తీసుకుని, చిల్లర జేబులో వేసుకున్నాక కూడా మనిషి కదలకుండా నిలబడ్డాడంటే ఏదో అడగాలని ఉన్నట్టే. ఈ మధ్య ఆ ప్రశ్న చాలాసార్లు ఇదే అవుతోంది. "నాన్నగారికి ఎనభై ఆరండి. నాడి తక్కువగా కొట్టుకుంటోంది, పేస్‌మేకర్ వెయ్యాలంటున్నారు. ఈ వయసులో అవసరమంటారా?"

పేస్‌మేకర్ అంటే నాడి మరీ నెమ్మదించినప్పుడు గుండెను కొట్టించడానికి ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న మిషన్. నేను డాక్టర్ని కాను. వేయించండి అనో, వద్దు అనో చెప్పడం నా పని కాదు. కానీ మా ఇంట్లోనే ముగ్గురు పెద్దవాళ్ల దగ్గర ఈ మాట వచ్చింది. మా అమ్మకు వేయించాం. మా మామగారికి అసలు అవసరమే లేదని తేలింది. మా పెద్దమ్మకు వద్దనుకున్నాం. ముగ్గురికీ మూడు రకాలుగా తేలింది. ఎవరి విషయంలోనూ తేల్చింది మాత్రం వయసు కాదు. ఎనభై దాటిన వాళ్లకు పేస్‌మేకర్ వెయ్యడం గుండె డాక్టర్లకు మామూలు పని. ఈ మిషన్ ఎక్కువగా వేసేదే పెద్ద వయసు వాళ్లకి.

అందుకని ప్రశ్నను కొంచెం మార్చి అడగమంటాను: ఇది వేస్తే మా మనిషికి ఇప్పుడున్న ఏ బాధ పోతుంది? లేదా ఏ ప్రమాదం తప్పుతుంది? దీనికి ఒక్క వాక్యంలో జవాబు దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే ఇంకా చూడాల్సింది ఉందన్నమాట.

ముందు బాధేంటో రాసి పెట్టుకోండి

పెద్దవాళ్లు "స్పృహ తప్పింది" అని చెప్పరు. "కాలు జారింది" అంటారు. అబద్ధం కాదు, వాళ్లకు నిజంగానే గుర్తుండదు. మా అమ్మ పెరట్లో తులసికోట దగ్గర పడిపోయినప్పుడు కూడా అదే చెప్పింది, నేల తడిగా ఉందని. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అమ్మ ముఖం చూసింది. గడ్డం మీద, ముక్కు మీద చర్మం లేచిపోయి ఉంది. తర్వాత రెండు అరచేతులూ తిప్పి చూసింది. ఒక్క గీత కూడా లేదు. జారిపడే మనిషి తెలియకుండానే చేతులు ముందుకు పెడతాడు, దెబ్బ అరచేతులకో మణికట్టుకో తగులుతుంది. చేతులు శుభ్రంగా ఉండి ముఖం పగిలిందంటే, పడకముందే స్పృహ పోయి ఉండాలి. ఆ మాట మీదే వెంటనే ఈసీజీ తీశారు. నాడి నిమిషానికి 34.

కాబట్టి పడిపోయినప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి, అవసరమైతే ఫొటో తీసి పెట్టండి. ఎవరైనా చూసి ఉంటే ముఖం పాలిపోయిందా, ఎంతసేపటికి తెలివొచ్చింది, వచ్చాక మామూలుగా మాట్లాడారా లేక చాలాసేపు అయోమయంగా ఉన్నారా అని అడిగి రాసుకోండి. గుండె కొన్ని క్షణాలు ఆగి పడినవాళ్లు సాధారణంగా నిమిషంలోపే లేచి మామూలైపోతారు. చాలాసేపు మత్తుగా ఉంటే ఫిట్స్ సంగతి కూడా చూస్తారు. ఎవరి చేతిలోనైనా ఫోనుంటే వీడియో తీయడం చాలా మేలు. డాక్టర్‌కి పది మాటలు చెప్పేకన్నా అది చూపించడం తేలిక.

నాడి చూడటం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించే పద్ధతి కుర్రాళ్లకు సరిపోతుంది గానీ, పెద్దవాళ్ల నాడి ఒక్కోసారి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. బీపీ మిషన్, ఆక్సీమీటర్ కూడా అంకె చూపిస్తాయి, కానీ నాడి సరిగా లేనప్పుడు అవీ పొరపడతాయి. అంకె పక్కన ఆ సమయంలో మనిషి ఎలా ఉన్నాడో రాయండి: కూర్చుని టీవీ చూస్తున్నారా, బాత్రూంకి వెళ్లొచ్చి ఆయాసపడుతున్నారా, నిద్రలో ఉన్నారా. నిద్రలో నలభైల్లోకి దిగడం చాలామందిలో మామూలే. దాన్ని పట్టుకుని అర్ధరాత్రి టెన్షన్ పడి ఆస్పత్రికి పరిగెత్తక్కర్లేదు.

ఇంకో పరీక్ష ఇంట్లోనే అవుతుంది. పడుకోబెట్టి బీపీ చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోయి, అదే సమయంలో కళ్లు తిరిగితే, ఆ తిరగడం నాడి వల్ల కాకపోవచ్చు. బీపీ మాత్రలు ఎక్కువైనా, ప్రోస్టేట్‌కి వాడే టామ్‌సులోసిన్ లాంటి మాత్రల వల్లా, నీళ్లు సరిగా తాగకపోయినా ఇలా అవుతుంది. దానికి పేస్‌మేకర్ వేయించినా లేచినప్పుడల్లా కళ్లు తిరుగుతూనే ఉంటాయి.

మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లండి

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి.

మా మామగారికి నాడి నలభైకి దగ్గరగా వచ్చేసింది. నీరసం, మెట్లెక్కితే ఆయాసం. ఒకచోట పేస్‌మేకర్ అన్నారు కూడా. ఆయన వాడుతున్న మందుల చీటీలో మెటోప్రొలాల్ ఉంది, బీపీకి ఎప్పటినుంచో వాడుతున్నారు. చీటీలో లేనిది ఇంకోటుంది, నీటికాసులకు కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు. "కంటి చుక్కలు గుండె డాక్టర్‌కి ఎందుకు చెప్తారు?" అని మా అత్తగారి వాదన. ఆ చుక్క కంటి మూల నుంచి ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. మెటోప్రొలాల్, టిమొలాల్ రెండూ ఒకే జాతి మందులు, రెండూ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. రెండూ కలిస్తే ఎనభై ఏళ్ల గుండె మీద పని గట్టిగా ఉంటుంది. గుండె డాక్టరు మాత్ర మార్చారు, కంటి డాక్టరు చుక్కలు మార్చారు. వారం తిరిగేసరికి నాడి అరవై దాటింది. ఆయన ఇప్పటికీ పొద్దున్నే సైకిల్ మీద చేపల మార్కెట్‌కి వెళ్లొస్తారు.

నాడి నెమ్మదించే మందుల్లో మా కౌంటర్ మీద రోజూ కనిపించేవి: మెటోప్రొలాల్, అటెనొలాల్, బైసోప్రొలాల్, చేతుల వణుక్కి ఇచ్చే ప్రొప్రానొలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిగాక్సిన్, ఆమియోడరోన్, ఐవాబ్రడిన్, క్లోనిడిన్. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ కూడా ఈ జాబితాలోదే. ఆ మందు మొదలెట్టాక పడిపోవడం మొదలైతే తప్పక చెప్పాలి. ఈ జాబితా చదివి ఏ మాత్రా మీ అంతట మీరు మానేయకండి. మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపేస్తే గుండెనొప్పి వచ్చే ప్రమాదం ఉంది. అయితే మందు ఆపినా నాడి లేవని వాళ్లూ ఉంటారు. గుండె లోపల అప్పటికే చెడింది ఉంటే మందు దాన్ని బయటపెట్టిందంతే. అప్పుడు పేస్‌మేకర్ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఆ మందు వేరే జబ్బుకి తప్పనిసరి అయినా అంతే, మిషన్ వేసి మందు కొనసాగిస్తారు.

మందులు కాకుండా రక్తపరీక్షలు రెండు చూస్తారు. ఒకటి థైరాయిడ్. అది బాగా తగ్గితే నాడీ తగ్గుతుంది, మాత్రతో సర్దుకుంటుంది. రెండోది పొటాషియం. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు బీపీకి ఇచ్చే టెల్మిసార్టాన్, ఒంటి నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ రెండూ వాడుతూ, పైగా చలవ చేస్తుందని రోజూ కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం పెరిగిపోయి నాడి అడుగంటుతుంది. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరిబొండానికి కొరత లేదు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. దీన్ని అత్యవసరంగా ఆస్పత్రిలో దింపుతారు, దిగితే నాడి దానంతటదే లేస్తుంది.

ఈసీజీలో ఏ రకం అని అడగండి

"హార్ట్ బ్లాక్ ఉంది" అనగానే ఇంట్లో అందరూ స్టెంట్ గురించి మాట్లాడటం మొదలెడతారు. ఇది రక్తనాళంలో అడ్డు కాదు. గుండె కొట్టుకోమని పైనుంచి కిందికి వెళ్లే కరెంటు సంకేతం మధ్యలో ఆగడం.

ఆ సంకేతం పుట్టే చోటు గుండె పై గదిలో ఉంటుంది, సైనస్ నోడ్ అంటారు. అక్కడి నుంచి కింది గదులకు దాటే చోటు ఏవీ నోడ్. మీరు డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: లోపం పుట్టే చోటా, దాటే చోటా?

దాటే చోట అయితే, అందులోనూ కంప్లీట్ హార్ట్ బ్లాక్ (సంకేతం ఒక్కటీ కిందికి దాటకపోవడం) గానీ, మోబిట్జ్ టూ అనే రకం (ఉన్నట్టుండి కొన్ని సంకేతాలు దాటకపోవడం) గానీ అయితే, సరిచేయగల కారణం ఏదీ లేనప్పుడు, బాధలున్నా లేకపోయినా పేస్‌మేకర్ వేయమనే చెబుతారు. కంప్లీట్ బ్లాక్‌లో కింది గదులు సొంతంగా నిమిషానికి ముప్పై, నలభై సార్లు కొట్టుకుంటూ మనిషిని నిలబెడుతుంటాయి, అవి ఎప్పుడు ఆగిపోతాయో ఎవరూ చెప్పలేరు. ఈ మిషన్లు రాని రోజుల్లో కంప్లీట్ బ్లాక్‌తో స్పృహ తప్పి పడే వాళ్లలో దాదాపు సగం మంది ఏడాదిలోపే పోయేవారు. అమ్మది ఈ రకమే.

పుట్టే చోట అయితే, సిక్ సైనస్ అంటారు, కథ వేరు. అక్కడ పేస్‌మేకర్ ఆయుష్షు పెంచుతుందని ఎవరూ చెప్పరు. బాధ తీర్చడానికే వేస్తారు. కాబట్టి బాధ ఉండాలి, ఆ బాధ వచ్చిన సమయంలోనే నాడి తగ్గినట్టు రికార్డు కావాలి. నాడి 48 ఉండి, మనిషి హాయిగా గుడికి నడిచి వెళ్లొస్తుంటే, ఆ 48ని చూసి మిషన్ పెట్టరు.

దీనికే హోల్టర్ పెడతారు, 24 గంటలు ఒంటి మీద ఉండే చిన్న రికార్డర్. దీంతో వచ్చే చిక్కు ఏంటంటే, నెలకోసారి కళ్లు తిరిగే మనిషికి ఒక్కరోజు హోల్టర్ పెడితే అందులో ఏమీ దొరక్కపోవచ్చు. "హోల్టర్ నార్మల్ వచ్చింది, ఏం లేదు" అని ఇంటికి వచ్చేయకండి. వారం, రెండు వారాలు ఉంచే ప్యాచ్‌లు ఉన్నాయి. చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ కూడా ఉంది, అది ఏళ్ల తరబడి చూస్తుంది. హోల్టర్ ఉన్నంతసేపూ ఏ టైముకి ఏమనిపించిందో కాగితం మీద రాయడం మర్చిపోవద్దు. ఆ కాగితం లేకపోతే రికార్డులో గుండె కాసేపు ఆగిన విరామానికీ మీ నాన్నగారి కళ్లు తిరగడానికీ ముడిపెట్టడం డాక్టర్‌కి కుదరదు.

ఫస్ట్ డిగ్రీ బ్లాక్ (సంకేతం ఆలస్యంగానైనా దాటడం), రైట్ బండిల్ బ్లాక్ (కుడివైపు దారిలో మాత్రమే అడ్డు) అని రిపోర్టులో ఉండి, ఏ బాధా లేకపోతే సాధారణంగా పేస్‌మేకర్ అక్కర్లేదు. గుండె కింది భాగానికి ఎటాక్ వచ్చినప్పుడు బ్లాక్ వస్తే అది తరచూ కొద్ది రోజుల్లో పోతుంది. అప్పటిదాకా మెడ దగ్గరో తొడ దగ్గరో నుంచి టెంపరరీ పేస్‌మేకర్ పెట్టి చూస్తారు.

అది చేసేదేంటి, చెయ్యనిదేంటి

మా అమ్మకు నేను చెప్పిన పద్ధతి ఇది: ఇంట్లో ఇన్వర్టర్ లాంటిదమ్మా, కరెంటు ఉన్నంతసేపూ ఊరకే ఉంటుంది, పోయిన క్షణంలో అందుకుంటుంది. గుండె తనంతట తను కొట్టుకుంటే పేస్‌మేకర్ చూస్తూ ఊరుకుంటుంది. ఆలస్యమైతే చిన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం మనిషికి తెలియదు. షాక్ కొట్టే మిషన్ వేరే, దాని పేరు ఐసీడీ, ఆ రెండూ కలిపేసి భయపడకండి.

నాడి తగ్గడం వల్ల కళ్లు తిరిగి పడటం, నీరసం, నడిస్తే ఆయాసం, ఇవి పోతాయి. మోకాళ్ల నొప్పులు పోవు. రక్తం తక్కువై వచ్చే నీరసం పోదు. పొగతాగి పాడైన ఊపిరితిత్తుల ఆయాసం పోదు. మతిమరుపు బాగవుతుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి.

మా పెద్దమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. తొంభై దాటింది. మతి పూర్తిగా పోయి, మంచం మీదే అన్నీ. జ్వరమొచ్చి చేర్పిస్తే ఈసీజీలో నాడి తక్కువ అని తేలింది, సిక్ సైనస్. ఎప్పుడూ స్పృహ తప్పింది లేదు. పేస్‌మేకర్ మాట వచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, వేయించేయమన్నాడు. దూరంగా ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చేయించాలనే ఆరాటం ఎక్కువుంటుంది, అది అర్థం చేసుకోవాలి. గొడవ పెట్టుకోకుండా డాక్టర్‌తో వీడియో కాల్ కలిపాం. అన్నయ్యే అడిగాడు, వేస్తే అమ్మ లేచి కూర్చుంటుందా, నన్ను గుర్తుపడుతుందా అని. లేదన్నారు. ఎక్కువ రోజులు బతుకుతుందా అంటే, ఆమెకున్న రకంలో దానివల్ల కాదన్నారు. ఆమె సెలైన్ సూది కూడా పీకేసుకునేది, ఛాతీ మీద కుట్లు, కట్టు ఎలా ఉంచుకుంటుంది? వద్దనుకున్నాం. ఆ తర్వాత అన్నయ్య వచ్చి ఆమె పక్కన కొన్నాళ్లు ఉండి వెళ్లాడు. నన్నడిగితే ఆ టికెట్ ఖర్చే మంచి ఖర్చు.

అయితే మతిమరుపు ఉందని చెప్పి అందరికీ వద్దనేయకూడదు. కొంచెం మరుపు ఉన్నా తిరుగుతూ, తింటూ, నవ్వుతూ ఉండే మనిషి స్పృహ తప్పి పడి తుంటి విరగ్గొట్టుకుంటే అక్కడి నుంచి మంచమే. అలాంటి మనిషికి పేస్‌మేకర్ ఆ తుంటిని కాపాడుతుంది. అది చిన్న లాభం కాదు.

అసలు మనిషిని అడిగారా?

ఆస్పత్రి వరండాలో కొడుకులు, అల్లుళ్లు, మేనల్లుళ్లు అందరూ చర్చిస్తారు. లోపల మంచం మీదున్న మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు, భయపడతారని. బుద్ధి సరిగా ఉన్న మనిషికి ఒప్పుకునే హక్కూ కాదనే హక్కూ రెండూ తనవే. సంతకం కొడుకు పెట్టినంత మాత్రాన నిర్ణయం కొడుకుది అయిపోదు.

అమ్మను అడిగితే ముందు ఖర్చు అడిగింది. తర్వాత, "ఒరే నాన్నా, అది పెడితే నా అంతట నేను పెరట్లోకెళ్లి పూలు కోసుకోగలనా, అది చెప్పు" అంది. ఆ ప్రశ్ననే డాక్టర్‌గారికి అందించాను. "మామ్మగారూ, దానికోసమే పెడుతున్నాం" అన్నారాయన.

ఆమెకు ఇంకో భయం ఉంది, చాలామందికి ఉంటుంది గానీ బయటకు అనరు. ప్రాణం పోవాల్సిన సమయంలో ఈ మిషన్ పోనివ్వదేమో, మంచంలో ఏళ్ల తరబడి మగ్గిపోతామేమో అని. అలా జరగదు. జబ్బు ముదిరి చివరి ఘడియ వచ్చినప్పుడు గుండె కండరం సంకేతానికి పలకదు. మిషన్ పంపుతూనే ఉంటుంది, గుండె ఆగిపోతుంది. ఈ ముక్క డాక్టర్ నోటితోనే చెప్పించండి, మనం చెబితే నమ్మరు.

మిషన్ చెడిపోతే ఎలా అని కూడా అడిగింది. మొట్టమొదటి పేస్‌మేకర్‌ను శరీరం లోపల పెట్టించుకున్న మనిషి ఆర్నె లార్సన్, 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో. అప్పుడాయనకు 43 ఏళ్లు. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. జీవితం మొత్తం మీద 26 మార్పించుకుని, 86 ఏళ్లకు, 2001లో చర్మ క్యాన్సర్‌తో పోయాడు. ఇది చెబితే అమ్మ, "ఇరవై ఆరా! నాకొకటి చాల్లే" అంది.

తొందర ఎప్పుడు, నిదానం ఎప్పుడు

స్పృహ తప్పుతూ, నాడి ముప్పైల్లో ఉండి, కంప్లీట్ బ్లాక్ అని తేలితే రెండో డాక్టర్ కోసం కారెక్కి ఊళ్లు తిరగకండి. దారిలో పడిపోతే చేసేదేమీ ఉండదు. అమావాస్య వెళ్లాక వస్తామని సంతకం పెట్టి తీసుకెళ్లిపోయిన వాళ్లను నేను చూశాను. ముహూర్తం చూసుకోవాలనిపిస్తే ఆస్పత్రిలోనే, మానిటర్ కింద ఉండి చూసుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే ఈసీజీ ఫొటో వాట్సాప్‌లో ఇంకో గుండె డాక్టర్‌కి పంపించవచ్చు. ఈసీజీలో ఆ బ్లాక్ స్పష్టంగా కనిపిస్తుంది.

సిక్ సైనస్‌లో, బాధ ఎప్పుడో ఒకసారి వస్తున్నప్పుడు, చాలాసార్లు తొందరేమీ ఉండదు. రెండో డాక్టర్‌కి చూపించండి, హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల కూడా గుండె విభాగాలున్నాయి. ఆషాఢం పోనివ్వండి, ఎవరూ కాదనరు.

వేయించాలనుకుంటే

ఛాతీ తెరవరు. ఎడమ కాలర్ బోన్ కింద ఆ చోటు వరకే మత్తిచ్చి, చిన్న కోత పెట్టి, రక్తనాళం గుండా వైర్లు గుండెలోకి పంపి, చర్మం కింద మిషన్ పెడతారు. గంట, గంటన్నర పని. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ప్రమాదాలు లేకపోలేదు: వైరు జరగడం, చీము పట్టడం, ఊపిరితిత్తికి సూది తగిలి గాలి చేరడం, రక్తం గడ్డ కట్టి ఉబ్బడం. నూటికి కొద్దిమందికే అవుతాయి గానీ, సన్నగా ఎముకలు తేలిన పెద్దవాళ్లలో, రక్తం పల్చబడే మందులు వాడే వాళ్లలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆ మందులు ఆపాలా, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టరే చెప్పాలి. జ్వరం ఉంటే దాచకండి, వాయిదా వేస్తారు.

ఏ మిషన్ అన్న దగ్గర డబ్బు సంగతి వస్తుంది. సింగిల్ చాంబర్‌కి ఒక వైరు, డ్యూయల్‌కి రెండు. పై గది ఎప్పుడూ అడ్డదిడ్డంగా కొట్టుకుంటూనే ఉండే పర్మనెంట్ ఏఎఫ్ ఉన్నవాళ్లకు పై గదిలో వైరు పనికిరాదు, సింగిల్ చాలు. పై గది బాగుండి దాటే చోట బ్లాక్ ఉంటే డ్యూయల్ మేలు. అమ్మకు అదే వేశారు. బాగా ముసలివాళ్లకు, ఇంట్లోనే నాలుగడుగులు వేసే వాళ్లకు సింగిల్‌తో సరిపెట్టడమూ తప్పేమీ కాదు, డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు. టూడీ ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, పంపింగ్ ఇప్పటికే తగ్గి ఉండి, మిషన్ ఎప్పుడూ పనిచేయాల్సిన పరిస్థితి ఉంటే, మామూలు పద్ధతిలో చాలా లేక వేరే రకం వైరింగ్ కావాలా అని తప్పక అడగండి. ఎంఆర్ఐకి పనికొచ్చేదే తీసుకోండి, ఈ వయసులో ఎప్పుడు అవసరమవుతుందో తెలియదు. వైర్లే లేకుండా తొడ నుంచి పంపే చిన్నది కూడా వచ్చింది, కానీ చాలా ఖరీదు, అందరికీ అక్కర్లేదు.

మిషన్ ధర, ఆస్పత్రి ప్యాకేజీ వేరు వేరుగా రాసివ్వమనండి. మిషన్ డబ్బా మీది స్టిక్కర్, బిల్లు దాచుకోండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులుంటే చేర్చే ముందే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లి, ఆ ఆస్పత్రిలో ఇది ఆ పథకం కింద చేస్తారా, ఏ రకం మిషన్ వస్తుంది అని అడగండి. 70 దాటిన వాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 నుంచి ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. రిటైరైన ప్రభుత్వోద్యోగులకు వాళ్ల హెల్త్ కార్డు ఎటూ ఉంది.

ఇంటికొచ్చాక

నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చెయ్యి భుజం దాటి పైకి ఎత్తకూడదు. అలాగని కదపకుండా కట్టేసుకుంటే భుజం బిగుసుకుపోతుంది. భుజం కింద వరకు కదుపుతూనే ఉండాలి. ఆడవాళ్లకు జడ వేసుకోవడం ఇంకొకరు చూడాలి. కుట్టు దగ్గర ఎరుపు, వేడి, చీము కనిపిస్తే నాటుమందు రాయకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

సెల్‌ఫోన్ చొక్కా జేబులో మిషన్ మీద పెట్టుకోకుండా ఆరంగుళాల దూరం ఉంచాలి. ఇండక్షన్ స్టవ్ దగ్గర రెండడుగులు. మిక్సీ, టీవీ, ఫ్యాను, ఫ్రిజ్‌ల వల్ల ఏమీ కాదు. విమానాశ్రయంలోనూ, అలిపిరి దగ్గర తనిఖీలోనూ పేస్‌మేకర్ కార్డు చూపిస్తే చాలు, డిటెక్టర్ గేటులో నిలబడిపోకుండా దాటేయాలి. ఫిజియోథెరపీలో కరెంటు పెట్టేవాళ్లకీ, ఏ ఆపరేషన్ చేసే డాక్టర్‌కైనా ముందే చెప్పాలి.

ఒక మాట ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచండి. మనిషి పోయాక దహనానికి ముందు పేస్‌మేకర్ తీయించాలి. దాంట్లో లిథియం బ్యాటరీ ఉంటుంది, మంటల్లో పేలుతుంది. ఆస్పత్రిలో పోతే వాళ్లే తీసిస్తారు, ఇంట్లో పోతే డాక్టర్‌ని పిలిపించాలి, చిన్న కోతతో అయిపోతుంది. దుఃఖంలో ఎవరికీ గుర్తుకురాదు కాబట్టి కార్డు జిరాక్స్ మీద ఈ ముక్క రాసి ఆధార్‌తో పాటు పెట్టాను.

బ్యాటరీ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది, మిషన్ ఎంత పనిచేస్తే అంత త్వరగా అయిపోతుంది. మొదటి చెకప్ ఒకటి రెండు నెలల్లో, తర్వాత ఆరు నెలలకో ఏడాదికో. కంప్యూటర్‌తో చూసి ఎంత శాతం పేస్‌మేకర్ మీద నడుస్తోంది, బ్యాటరీ ఎన్నాళ్లుంది అని కాగితం ఇస్తారు, అవి పారేయకండి. బ్యాటరీ అయిపోయే ముందు కొన్ని నెలల వ్యవధి ఉండగానే మిషన్ సూచన ఇస్తుంది. అప్పుడు మార్చేది పైన మిషన్ మాత్రమే, వైర్లు బాగుంటే అవే ఉంచుతారు. అమ్మకు ఆ సమయం వచ్చేసరికి తొంభై దాటిపోతాయి. అప్పటి శాతం చూసి, అప్పటి ఆమెను చూసి, మళ్లీ ఆమెనే అడగాలి.